ఉత్తమ శ్రోత

నాకు జీవితంలో వచ్చిన బహుమతి ఒక్కటే. అది నా తెలివితక్కువతనానికి వచ్చింది. తెలివితక్కువవాళ్ళకి లోకంలో కరువు లేదు గానీ, ఆ సంగతి మైకులో చదివించుకుని, స్టేజీ ఎక్కి, వంగి దండం పెట్టి మరీ పుచ్చుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఆ రోజు మా వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా అక్క. మిగతావి మరిచిపోయాను గానీ ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

మొన్న మా మనవరాలు ఫోను పట్టుకుని వచ్చి నా పక్కన చేరింది. మా ఊళ్ళో కళోత్సవాలు జరుగుతున్నాయి. ఏ పూట ఏముందో అన్నీ అందులో పడ్డాయట. కోలాటం, గరగల నాట్యం, పాటల పోటీ, నాటిక, ముగ్గులు, ఎవరెవరివో సన్మానాలు. ఆ పిల్ల ఒక్కొక్కదాన్నీ వేలితో పైకి తోసేస్తూ, "ఇది బోరు తాతయ్యా. ఇది చూద్దాం. ఇది బజ్జీల బండి పక్కనే కాబట్టి తప్పకుండా చూద్దాం" అని తేల్చేస్తోంది. కళాపోషణలో కడుపు పోషణ కూడా ఒక భాగమని ఈ తరానికి ఎవరూ నేర్పక్కర్లేదు. చివరికి ఒకచోట ఆగి, "అయ్యో, ఈ రెండూ ఒకే టైముకి పెట్టేరు. నువ్వయితే దేనికెళ్తావు?" అని అడిగింది.

అంతే. నా ముక్కుకి కాలవ బురద వాసన కొట్టింది.

వేసవిలో మా వైపు కాలవలు కట్టేస్తారు. నీళ్ళు దిగిపోయి, అడుగున నల్లటి బురద, అందులో అక్కడక్కడ మడుగులు. ఆ మడుగుల్లో ఇరుక్కుపోయిన కొరమేనుల కోసం పిల్లలం మోకాళ్ళ దాకా దిగిపోయేవాళ్ళం. గట్టున నానబెట్టిన కొబ్బరి పీచు కుళ్ళు వాసన, పెరట్లో ముగ్గిన పనస వాసన, మా మామ్మ చుట్ట వాసన, ఈ మూడూ కలిస్తే అది మాకు సెలవులు. ఆ వేసవిలోనే మా ఊరి యువజన సంఘం వాళ్ళు కళోత్సవాలు పెట్టారు. అంతకుముందు మా ఊళ్ళో కళ అంటే అమ్మవారి తీర్థంలో గరగలూ, క్రిస్మస్‌కి మా పేట కుర్రాళ్ళు వేసే నాటకమూ. గొర్రెల కాపరి వేషానికి తుండుగుడ్డ చాలు కాబట్టి ఏటా నేనే గొర్రెల కాపరిని.

ఉత్సవాలు మూడు రోజులు, మూడు చోట్ల. బడి ఆవరణలో ఒకటి, చర్చి ముందు పందిట్లో ఒకటి, గ్రంథాలయం హాల్లో ఒకటి. రిక్షాకి మైకు కట్టి ఊరంతా చెప్పుకుంటూ తిరిగారు. ఆ రిక్షా వెనకాలే మేమూ తిరిగాం కాబట్టి, సాయంత్రానికి కార్యక్రమాలన్నీ మాకు నోటికి వచ్చేశాయి. ఇంటికొచ్చి నేను అప్పజెబితే, ఎవరు దేనికి వెళ్ళాలన్న దాని మీద మా ఇంట్లో పెద్ద సభే జరిగింది.

"బుర్రకథ ఎప్పుడ్రా?" అంది మామ్మ. ఆవిడకి మిగతావన్నీ అనవసరం. 

"విజ్ఞానదాయకమైనవి చూడాలి" అన్నారు నాన్నగారు. మా ఇంట్లో పొలం పనికి కాకుండా బడి పనికి వెళ్ళిన మొదటి మనిషి ఆయన. ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. విజ్ఞానం లేని చోట ఆయన కూర్చోరు. ఉన్న చోట కునుకు తీస్తారు.

"పొయ్యి మీద కూర పెట్టి, అది ఉడికేలోగా ఏది అయిపోద్దో చెప్పు, దానికెళ్తాను" అంది అమ్మ.

అక్క మాత్రం గుమ్మంలో కూర్చుని జడ అల్లుకుంటోంది. ఆఖరి రోజు సాయంత్రం, బడి ఆవరణలో పాటల పోటీ. అందులో అక్క పేరు ఉంది.

అక్క గొంతు గురించి నేను చెప్పకూడదు, తమ్ముణ్ణి కాబట్టి. పాస్టరు గారి మాట చెబుతాను. చర్చిలో అక్క కీర్తన ఎత్తుకుంటే, కానుకల సంచీ తిప్పే ఆయన కూడా తిప్పడం మరిచిపోయి నిలబడిపోయేవాడని ఆయన ఫిర్యాదు. కానీ అక్కకి ఒక జబ్బు ఉంది. చర్చిలో అయితే అందరూ కళ్ళు మూసుకుంటారు గనక పాడేస్తుంది. కళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళ ముందు నిలబెడితే గొంతు పట్టేస్తుంది.

ఆ పోటీకి అమలాపురం నుంచి ఒక సంగీతం మాస్టారు వస్తున్నారు. ఆయన మెచ్చితే అక్కని శిష్యురాలిగా తీసుకుంటారని పాస్టరు గారు మాట్లాడి పెట్టారు. నాన్నగారు ఒకటికి రెండుసార్లు ఆలోచించి, "ఆయన సరేనంటే పంపిస్తాను. కాదంటే టైపు నేర్చుకో. ఏదో ఒకటి చేతిలో ఉండాలి" అన్నారు. అక్క చేతిలో టైపు ఉండాలో, నోట్లో పాట ఉండాలో ఆ సాయంత్రం తేలిపోతుంది.

ఆ రాత్రి అక్క నన్ను పెరట్లోకి పిలిచింది.

ఇక్కడ నా కళ గురించి చెప్పాలి. దేవుడు నాకు ఒకటే ఇచ్చాడు. తల కదపకుండా చెవులు రెండూ కదపగలను. కావాలంటే ఒకదాని తర్వాత ఒకటి. అది చూస్తే అక్కకి నవ్వాగదు. నవ్వితే బిగుసుకున్న గొంతు విడిపోతుంది. ఆదివారం బడి వార్షికోత్సవానికి ఒకసారి అలాగే గట్టెక్కింది.

"ఎదురుగా కూర్చోవాలి. నేను నిన్నే చూస్తాను. ఇంకెవర్నీ చూడను" అంది అక్క.

"ఆయ్" అన్నాను.

"ఆయ్ కాదు. వస్తానను."

"ఆయ్, వస్తాను."

అక్క ఎందుకు అలా అడిగిందో తెలియాలంటే మా ఆయ్ గురించి తెలియాలి. అవుననీ, అలాగేననీ, వింటున్నాననీ, చిత్తమనీ, మీరు పెద్దవారు గనక నోరు మూసుకుని ఉండలేక ఏదో ఒకటి అంటున్నాననీ, అన్నీ మాకు అదే మాట. 'మాటిస్తున్నాను' అన్న అర్థం ఒక్కటే అందులో లేదు. మా వాళ్ళకి కుదరదని చెప్పడం రాదు. కుదరకపోయినా ఆయ్ అంటారు. నేను ఆ విద్యలో చిన్నప్పుడే పండిపోయాను. ఎవరేం చెప్పినా ముందు ఆయ్, తర్వాత ఆయాసం.

మొదటి రోజు మామ్మని బుర్రకథకి తీసుకెళ్ళాను. దారి పొడుగునా నా భుజం మీద చెయ్యి వేసి, ఒకప్పుడు ఊడ్పుల కాలంలో తాను విన్న కథలన్నీ చెప్పింది. పందిట్లో అందరి ముందూ చాప వేయించుకుని కూర్చుంది. కథకుడు తంబురా మీటుతూ ఒక మాట అనడం, మామ్మ 'ఆయ్' అనడం. వంతపాట వాళ్ళకంటే మామ్మే ముందు అందుకుంటోంది. పక్కావిడ విసుక్కుంటే, "ఓయమ్మా, మనం పలక్కపోతే ఆయనకి తెలుస్తాదా మనం వింటన్నామని? గోడకి చెప్పుకున్నట్టుండదూ?" అంది. వినడమంటే ఊరికే కూర్చోవడం కాదని ఆ రోజు నా బుర్రకెక్కింది. బుర్రకథ అంటే అదే కాబోలనుకున్నాను.

రెండో రోజు మూకాభినయం చూశాం. ఒకాయన మొహానికి సున్నం లాంటిదేదో పూసుకుని లేని తాడు లాగుతున్నాడు, లేని గోడ తడుముతున్నాడు. వెనకనించి మా మూక అంతా "లాగండి బాబూ, ఇంకొంచెం, పడవ ఒడ్డుకొచ్చేసింది" అని అరిచాం. ఆయన అది పడవ కాదని చెప్పలేక, మాట్లాడకూడదు గనక, చాలా బాధపడ్డాడు. మమ్మల్ని చెవులు పట్టుకుని బయటికి పంపించారు.

మూడో రోజు అక్క పొద్దున్నుంచీ అన్నం ముట్టలేదు. అమ్మ పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి పొట్టిక్కలు వేసింది. ఆ ఆకు వాసనకి పొరుగువాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చారు గానీ, అక్క మాత్రం రాలేదు. అక్క వాటా కూడా నేనే తిన్నాను. మధ్యాహ్నం దాటాక అక్క అమ్మ పెళ్ళినాటి చీర కట్టుకుని, అమ్మతో కలిసి బడికి వెళ్ళింది. వెళ్తూ నన్ను చూసి తన చెవి ఒకసారి పట్టుకుంది. నేను నా చెవులు కదిపాను. నవ్వుతూ వెళ్ళింది.

నేను మొహం కడుక్కుని వెనకాలే బయల్దేరాను. బడికి వెళ్ళే దారిలోనే గ్రంథాలయం. దాని అరుగు మీద సెక్రెటరీ గారు అటూ ఇటూ తిరుగుతున్నారు.

ఈయన యువజన సంఘం సెక్రెటరీ. అప్పుడే కాలేజీ చదువు పూర్తి చేసి ఊరికొచ్చారు. ఇస్త్రీ పాంటూ, చేతి గడియారమూ, జేబులో రెండు కలాలూ. ఉత్సవాలన్నీ ఆయన తలకెత్తుకున్నవే. అందుకని తనకంటూ ఒక అంశం ఉంచుకున్నారు. 'కళ – కర్తవ్యం' అని ఉపన్యాసం. పొరుగూరి హైస్కూలు హెడ్మాస్టరు గారిని అధ్యక్షుడిగా పిలిచారు. ఆయన వచ్చి కూర్చున్నారు. జనం మాత్రం రాలేదు. అందరూ పాటల పోటీకి పోయారు.

"ఒరే అబ్బాయ్, మాస్టారి అబ్బాయివి కదూ? లోపలికి రా."

"అక్క పాట ఉందండి" అన్నాను. అంత మటుకు అన్నాను. తర్వాత జీవితంలో ఎన్నోసార్లు దాన్ని గుర్తు చేసుకుని నన్ను నేను ఓదార్చుకున్నాను.

"దానికింకా టైముందిరా. ఐదు నిముషాలు కూర్చుని వెళ్ళిపో. ఇదిగో, కాజాలు కూడా తెప్పించేను."

నేను ఆయన్ని చూశాను. బల్ల మీద కాయితం పొట్లం చూశాను. పాకం ఊరి కాయితం మెరుస్తోంది.

"ఆయ్" అన్నాను.

హాల్లో పాత పేపర్ల వాసన. గోడవారగా ముగ్గురు ముసలివాళ్ళు, నిద్రకి చోటు వెతుక్కుని వచ్చినవాళ్ళు. ముందు బెంచీ మీద నేనొక్కణ్ణే. సెక్రెటరీ గారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. ఉపన్యాసానికీ ఉపవాసానికీ ఒక్క అక్షరమే తేడా. రెండింట్లోనూ మాడేది కడుపే. కాజాలు ఉపన్యాసం అయ్యాకేనట.

"కళ లేని మనిషి మనిషేనా? అవునా, కాదా?" అని ఆయన సభని అడిగారు. సభ అంటే నేనే. గోడకి చెప్పుకున్నట్టుంటుందన్న మామ్మ మాట గుర్తొచ్చింది. 

"ఆయ్" అన్నాను.

ఆయన మొహం విచ్చుకుంది. కాయితం మీద నుంచి కళ్ళు ఎత్తి నన్నే చూస్తూ చెప్పసాగారు. ప్రతి మెలికకీ "అవునా, కాదా?" ప్రతిసారీ నేను "ఆయ్". అంటే వింటున్నానండి, ఇంక కానివ్వండి అని నా అర్థం. బాగుంది, ఇంకా చెప్పండి అని ఆయన అర్థం. నేను ఎంత తొందరగా ఆయ్ అంటే ఆయన అంత దూరం వెళ్తున్నారు. కాయితంలో ఉన్నది అయిపోయింది. ఆయన కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు. హమ్మయ్య అనుకుంటే, "ఇంతవరకూ చెప్పింది ఉపోద్ఘాతం" అన్నారు.

అప్పుడు కిటికీలోంచి బడి మైకు వినిపించింది. అక్క పేరు చదివారు. తర్వాత హార్మోనియం.

ఎత్తుగడ వాయించారు. అక్క అందుకోలేదు. మళ్ళీ అదే ఎత్తుగడ. ఈసారి ఒక్క మాట వినిపించింది, సన్నగా, ఎవరో నూతిలోంచి పిలిచినట్టు. ఆగిపోయింది. హార్మోనియం ఆయన మంచివాడయి ఉండాలి, ఇంకోసారి వాయించాడు. అక్కడ అక్క ముందు వరసలో నా మొహం కోసం వెతుకుతోందని నాకు తెలుసు. బెంచీలన్నీ వెతుకుతోందని తెలుసు. నా చెవులు వాటంతట అవే కదులుతున్నాయి, ఎవరూ చూడని చోట.

లేచిపోతే సరిపోయేది. ఇప్పుడు ఎవరికి చెప్పినా ఇదే అంటారు. కానీ పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో లేవచ్చన్న సంగతి నా కాళ్ళకి ఎవరూ నేర్పలేదు. ఇంకో కారణం కూడా ఉంది. కాజా. 

"తదుపరి అంశం" అంది బడి మైకు.

"అవునా, కాదా?" అన్నారు సెక్రెటరీ గారు.

చీకటి పడ్డాక ఇంటికెళ్ళేసరికి అక్క చీర మార్చేసుకుని, చేతులకి నూనె రాసుకుని పనసకాయ తరుగుతోంది. నన్ను చూసి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఎక్కడున్నావురా?"

"గ్రంథాలయంలో. సెక్రెటరీ గారు కూర్చోమన్నారు."

"ఏం చెప్పేరు?"

"కళ గురించి."

అక్క కత్తిపీట మీంచి చూపు ఎత్తకుండా, "బాగా చెప్పేరా?" అని అడిగింది.

ఏమనాలో తెలియనప్పుడు నా నోటికి వచ్చేది ఒకటే మాట. అదే వచ్చింది.

సంగీతం మాస్టారు వెళ్తూ నాన్నగారితో, "గొంతు ఉందండి. ధైర్యం లేదు. పై ఏడు చూద్దాం" అన్నారట. పై ఏటికి అక్క టైపు కూడా దాటి నర్సు ట్రైనింగుకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న చర్చి పందిట్లో బహుమతులు పంచారు. అన్నీ అయిపోయాక సెక్రెటరీ గారు మైకు పట్టుకుని, ముందు అనుకోని ఒక బహుమతి ఉందన్నారు. ఈ మూడు రోజుల్లోనూ కళని నిజంగా అర్థం చేసుకున్న ఒక బాలుణ్ణి తాను చూశాననీ, వాడు కూర్చున్న తీరు, పలికిన తీరు తన జన్మలో మరిచిపోననీ చెప్పి, "ఉత్తమ శ్రోత" అని నా పేరు చదివారు. 

అలాంటి బహుమతి అంతకుముందు ఎవరూ వినలేదు. వినడానికే గదా ఆ బహుమతి. స్టేజీ ఎక్కి పుచ్చుకున్నాను. ప్లాస్టిక్ సబ్బుపెట్టె. లోపల సబ్బు లేదు.

"వినడానిక్కూడా ప్రైజులిస్తన్నారా?" అంది మామ్మ. "అలాగయితే మీ తాత బతికున్నన్నాళ్ళూ నాకు ఏడాదికొకటి ఇవ్వాలి."

అందరూ నవ్వారు. నాన్నగారు లేచి నిలబడ్డారు, గర్వంగా. అక్క చప్పట్లు కొట్టింది. అందులో వెటకారం ఏమైనా ఉందేమోనని వెతికాను. ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. లేదు. తమ్ముడికి ప్రైజొచ్చిందని నిజంగానే కొట్టింది.

ఆ తర్వాత చాలా జరిగింది. అక్క గల్ఫ్‌లో ఆస్పత్రి నర్సుగా చాలా ఏళ్ళు చేసి, తిరిగొచ్చి మా వీధి చివరే ఇల్లు కట్టుకుంది. అక్కడి రోగులకి రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే మెల్లిగా పాడేదట. భాష తెలియదు గనక వాళ్ళు కళ్ళు మూసుకుని వినేవారట. ఇప్పటికీ వంటింట్లో పాడుతుంది. గుమ్మంలో చెప్పుల చప్పుడయితే ఆపేస్తుంది. కొబ్బరి పీచు నానేసిన గట్టు మీద ఇప్పుడు రొయ్యల చెరువుల మోటార్లు తిరుగుతున్నాయి. గ్రంథాలయం తలుపులు ఎవరు మూశారో, ఎప్పుడు మూశారో ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. ఆ రోజు సంగతి మాత్రం మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

సెక్రెటరీ గారు మాత్రం సెక్రెటరీ గారుగానే ఉన్నారు. ఊళ్ళో ఏ సంఘం పెట్టినా ఆయనే. ఆ ఉపన్యాసం తర్వాత జిల్లా అంతా తిరిగి మాట్లాడారు. ఈసారి కళోత్సవాల్లో ఆయనకే సన్మానం. మనవరాలు ఫోను చూపించిన రెండో రోజున స్వయంగా ఫోను చేశారు.

"ఏవయ్యా, నువ్వు రావాలి. ముందు వరసలో కూర్చోవాలి. ఆ రోజు నువ్వు అలా విన్నావు గనకే నాకు మాట్లాడ్డం వచ్చింది. ఇదంతా నీ చలవేనయ్యా."

ఇది విన్నాక నాకు రెండు సిగ్గులయ్యాయి. అక్క పాట పోవడమే కాదు, జిల్లా మొత్తం ఆ ఉపన్యాసాల పాలవడానికి కూడా కారణం నేనేనట.

వెళ్ళాను. అక్క కూడా వచ్చింది, "పెద్దాయన, పిలిస్తే వెళ్ళకపోతే ఎలాగరా" అంటూ. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో ఇద్దరం కూర్చున్నాం. శాలువాలు కప్పారు, దండలు వేశారు. ఇద్దరు పట్టుకుంటే ఆయన లేచి మైకు దగ్గరికొచ్చారు. మనిషి వడిలిపోయారు గానీ గొంతు అదే. పందిరి నిండా జనం, జనం చేతుల్లో ఫోన్లు. ఆయన వాళ్ళెవర్నీ చూడలేదు. నన్నే చూస్తూ మొదలుపెట్టారు. కొంతసేపయ్యాక చెయ్యెత్తి, "కళ ముందా, కర్తవ్యం ముందా? చెప్పండి. కళే, అవునా, కాదా?" అని నా కోసం ఆగారు.

నేను లేచాను.

కుర్చీ కర్రుమంది. ఇంతకంటే సాహసం నేను జన్మలో చెయ్యలేదు.

"ఏవయ్యా, ఎక్కడికీ? ఇంకో ఐదు నిముషాలే" అన్నారు మైకులోనే.

"ఎక్కడికీ లేదండి" అన్నాను. "మీరు కానివ్వండి."

నిజంగానే ఎక్కడికీ లేదు. బయటికొచ్చి బజ్జీల బండి దగ్గర నిలబడ్డాను. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి మీద, శాలువా కప్పుకున్న పూట, ఇదా నేను చూపించిన మగతనం అని మొదటి బజ్జీకి సిగ్గేసింది. రెండో బజ్జీకి కొంచెం తగ్గింది.

కాసేపటికి అక్క వచ్చింది. 

"అయిపోయిందా?" అన్నాను.

"ఆపేసేరు. నువ్వెళ్ళేక నీ కుర్చీ వంకే చూసేరు. ఎక్కడిదాకా చెప్పేరో మర్చిపోయేరు. మొదట్నించీ ఎత్తుకోబోయేరు, గొంతు పట్టేసింది. నీళ్ళిచ్చేరు. ఇంక చాలని కూర్చోబెట్టేసేరు."

నేను తల దించుకుని బజ్జీ కాయితం మడతలు పెట్టడం మొదలుపెట్టాను.

"పాపం, పెద్దాయన" అంది అక్క. అంటూనే పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. ఆగని నవ్వుకి భుజాలు ఊగుతున్నాయి.